గంప కింద బంతిమొక్క

మందారం మొక్క పుల్లయిపోయింది.

నిన్న సాయంత్రం నీళ్ళు పోసినప్పుడు దానికి ఆకులున్నాయి. కొసన చిటికెన వేలి గోరంత మొగ్గ కూడా ఉంది. పొద్దున్నే పాలగిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి, ఎవరో పళ్ళు తోముకుని గుచ్చి వెళ్ళిన వేపపుల్లలా నిలబడి ఉంది. పక్కనే చుక్కల పెట్ట ముక్కుని అటూ ఇటూ నేలకేసి తుడుచుకుంటోంది. విందులో కూర్చుని లేచిన పెద్దమనిషిలా, ఏమాత్రం తొందర లేకుండా.

సుప్రియ చెయ్యి గాల్లోకి లేచింది. నోట్లోంచి "హు" అన్నంతవరకూ వచ్చింది.

"వందనాలండి అమ్మగారూ!"

రోడ్డవతల పాపాయమ్మ చీపురు చంకలో పెట్టుకుని నవ్వుతూ చూస్తోంది. చుక్కల పెట్ట ఆవిడదే. ఆవిడదే అంటే, మొన్న వానాకాలం దాకా ఆవిడది. ఇప్పుడు దేవుడిది.

లేచిన చేతిని ఏం చెయ్యాలో తోచక సుప్రియ తల మీదికి తీసుకుపోయి జుట్టు సర్దుకుంది. "వందనాలు పాపాయమ్మ గారూ. బాగున్నారా?"

"మీ ప్రార్థన వల్ల బాగున్నానండి. మా పెట్ట బాగుందాండి?"

"బాగుందండి. ఇప్పుడే టిఫిను చేసింది."

మలికిపురం నుంచి కాలవ గట్టు వెంట వస్తే తగిలే ఆ ఊళ్ళో అదొక ఆచారం. పిల్లాడికి జ్వరం వచ్చినా, గేదె ఈనలేక కష్టపడినా, పెద్దవాళ్ళకి కంటి ఆపరేషనున్నా ఒక కోడిని దేవుడికి మొక్కుకుంటారు. పని సానుకూలం కాగానే ఆ కోడిని ఇంట్లో ఉంచరు. ఉంచితే ఏ పూట ఏ అల్లుడు దిగుతాడో, ఎవరి చెయ్యి కత్తిపీట మీదికి పోతుందో చెప్పలేం. అందుకని తెచ్చి చర్చి ఆవరణలో వదిలేస్తారు. సార్వా వరికోతలయ్యాక వచ్చే కోతపండుగ నాడు వేలం వేస్తారు. అందాకా అవి దేవుడి కోళ్ళు. కట్టెయ్యకూడదు, కసరకూడదు, రాయి విసరకూడదు. మొక్కుకున్నవాళ్ళు వేలంలో తిరిగి పాడుకోకూడదు, ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నట్టవుతుంది. ఇదంతా ఏ పుస్తకంలోనూ లేదు. కానీ ఊళ్ళో ప్రతివాళ్ళకీ నోటికి వచ్చు.

ఆ ఆవరణలోనే అయ్యగారి ఇల్లు. ఆ ఇంటి ముందున్నది ఆవరణ మొత్తంలోకీ మెత్తటి మట్టి. కోళ్ళకి అంతకంటే ఏం కావాలి?

అయ్యగారంటే పాస్టరు, బెంజమిన్. ఆయన భార్య కాబట్టి ముప్పయ్యేళ్ళు నిండకుండానే సుప్రియ ఊరందరికీ అమ్మగారైంది. ఆమధ్య ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కోళ్ళని "హుష్" అంది. ఆ సాయంత్రమే సంఘ పెద్ద దేవదానం మాస్టారు వచ్చారు. గొడుగు తలుపుకి ఆనించి, టీ తాగి, బిస్కట్టు తిని, లేవబోతూ అన్నారు. "ఎవరో అంటన్నారండి, అమ్మగారు దేవుడి కోడిని అదిలించేరని. నేను నమ్మలేదండి."

ఆయన నమ్మకపోవడంతో సుప్రియ నోరు శాశ్వతంగా పడిపోయింది.

"పోనీ మొక్కల చుట్టూ దడి కట్టుకోవచ్చా మాస్టారూ?" అని అడిగింది.

"ఎందుకు కట్టుకోకూడదండీ! కట్టుకోవచ్చండి. కాకపోతే దేవుడి ఆవరణలో దేవుడి కోళ్ళకి అడ్డం కట్టేరు అనే నోళ్ళుంటాయి. అనకపోవచ్చు కూడానండి." ఆయన గొడుగు తీసుకున్నారు. "అంటారండి."

దడి ఆలోచన అక్కడితో సరి.

ఇప్పుడు మందారం పుల్లని పీకి, పట్టుకెళ్ళి, ప్రసంగం రాసుకుంటున్న భర్త కాగితాల మీద పెట్టింది సుప్రియ.

"ఏమిటిది?" అన్నాడు బెంజమిన్.

"మందారం."

"ఓహో." ఆయన పుల్లని మర్యాదగా పక్కకి జరిపాడు. "ఓర్పు గురించే రాస్తున్నాను."

"ఆదివారం చెబుదురు గానిలెండి అది. ముందు ఇది వినండి. క్రిస్మస్ వెళ్తే మనకి బదిలీ అంటున్నారా లేదా?"

"అంటున్నారు."

"పోయిన ఊళ్ళో సన్నజాజి వేశాను. మొగ్గ తొడిగింది, సామాను లారీ ఎక్కింది. అంతకు ముందు ఊళ్ళోనూ అంతే. నా చేత్తో నాటిన మొక్కకి పువ్వు పూయగా నేను చూళ్ళేదండి ఇంతవరకూ. బుట్టెడు అడగట్లేదు. ఒక్కటి. ఒక్క పువ్వు పూస్తే చూసి, ఏ ఊరు పొమ్మంటే ఆ ఊరు వస్తాను."

బెంజమిన్ పెన్ను మూత పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. కోళ్ళన్నీ మందారం ఉన్న గుంట చుట్టూ చేరి, ఇంకేమైనా మిగిలిందేమోనని కాళ్ళతో వెనక్కి చిమ్ముతున్నాయి.

"కోళ్ళు తినని మొక్క వేసి చూడు" అన్నాడు. భర్త మాటల్లో పనికొచ్చేది దొరకడం అరుదు కాబట్టి సుప్రియ దాన్ని పట్టుకుంది.

మర్నాడే మొక్కల బండి వచ్చింది. ట్రక్కు ఆటో వెనక మెట్లు మెట్లుగా చెక్కలు కొట్టి, నల్ల కవర్లలో మొక్కలు పేర్చి ఉన్నాయి. మైకులో గులాబీలూ మందారాలూ మల్లెలూ అని అరుపు. బండి కనకరాజుది. సుప్రియ చెయ్యి ఊపగానే మైకు కట్టేసి దిగాడు.

"చెప్పండమ్మగారూ, ఏం ఇమ్మంటారు?"

"కోళ్ళు తినని మొక్క."

"గులాబీ పెట్టండి."

"తిన్నాయి."

"ముళ్ళుంటాయి కదండీ!"

"ముళ్ళు వదిలేశాయి."

"మల్లి?"

"తిన్నాయి."

"కనకాంబరం తీసుకెళ్ళండి, దానికి..."

"దాన్నైతే నాటుతుండగానే నా చేతిలోంచి లాక్కున్నాయి."

కనకరాజు బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఒక మొక్క మీద చెయ్యి వేసి, "తులసండి. కోడి వాసన కూడా చూడ..." అంటూ తల ఎత్తాడు. ఎదురుగా చర్చి శిఖరం, దాని మీద శిలువ. మాట మింగేశాడు. "అంటే... మీ ఇష్టమండి."

సుప్రియకి నవ్వొచ్చింది. "నాకేం అభ్యంతరం లేదండి బాబూ, దగ్గొస్తే నేనూ కషాయం కాస్తాను. కానీ అది ఇంటి ముందు చూస్తే మా దేవదానం మాస్టారికి జ్వరమొస్తుంది. ఆ జ్వరం తగ్గడానికి ఇంకో కోడిని మొక్కుతారు."

అప్పుడు కనకరాజు అట్టడుగు మెట్టు మీంచి ఒక కుండీ బయటికి లాగాడు. బొద్దుగా సీసాలాంటి కాండం, పైన నున్నటి ఆకులు, కొమ్మ చివర గులాబీరంగు మొగ్గలు రెండు. "ఎడారి గులాబీ అండి. కోడి కాదు కదా, మేక కూడా మూతి పెట్టదు. మొగ్గలు వారంలో విచ్చుకుంటాయి. నాది పూచీ."

అది ఎందుకు మూతి పెట్టదో అతను చెప్పలేదు, సుప్రియ అడగలేదు. మొగ్గల్ని చూశాక ఇంకేం అడగబుద్ధి కాలేదు.

కనకరాజు మాట నిలబడింది. సుప్రియ దాన్ని గుమ్మం పక్కన నాటి, ఊపిరి బిగబట్టి కూర్చుంది. కోళ్ళు వచ్చాయి. చుక్కల పెట్ట ముందుకొచ్చి, మెడ ఒక పక్కకి వంచి ఒక కంటితో చూసింది, ఇంకో పక్కకి వంచి రెండో కంటితో చూసింది, వెళ్ళిపోయింది. మిగిలినవీ వెళ్ళిపోయాయి. ఆ రోజు సుప్రియ వంకాయలు తరుగుతూ, బియ్యం ఏరుతూ, బట్టలు మడతపెడుతూ అన్నీ గుమ్మంలోనే చేసింది. మొగ్గలు అలాగే ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం పాపాయమ్మ చూడ్డానికి వచ్చింది. మొక్కనా, పెట్టనా అన్నది తెలీదు. రెండింటినీ చూసింది. తర్వాత ఒక ఆకు తుంచింది. తుంచిన చోట తెల్లటి పాలు బొట్టుగా ఉబికాయి.

"పాలు కారతందండోయ్" అంది పాపాయమ్మ. వేళ్ళు వెంటనే కొంగుకి తుడిచి, తర్వాత ఆ కొంగునీ అనుమానంగా చూసింది. "గన్నేరుకీ ఇలాగే కారుద్దండి. ఇది దాని చుట్టమేమోనండి."

"కోళ్ళు ముట్టుకోవట్లేదు కదండీ" అంది సుప్రియ. గొంతు తనకే నమ్మకంగా వినిపించలేదు.

"ముట్టుకోవండి. ఆకు ముట్టుకోవు. కానండి, రాలిన ముక్క పురుగనుకుని ఒకటి మింగిందనుకోండి..." పాపాయమ్మ చుక్కల పెట్ట వైపు చూసింది. "నా కన్ను బాగయితే ఇస్తానని మొక్కుకున్న పెట్టండి ఇది. పండగ లోపల దీనికేదన్నా అయితే నా మొక్కు తీరినట్టాండీ, తీరనట్టాండీ?"

లోపలి నుంచి వింటున్న బెంజమిన్ బయటికి రావడం మానుకున్నాడు.

"ఇంకోటి ఇవ్వచ్చు కదండీ" అంది సుప్రియ.

"ఇవ్వచ్చండి. కానీ మొక్కింది దీన్ని కదండీ. కన్ను వెనక్కి పోతే?"

ఆవిడ వెళ్ళాక సుప్రియ మొక్క ముందు కూర్చుంది. తీసెయ్యాలని తెలుసు. మొగ్గలు మాత్రం నిన్నటికంటే ఎర్రబడ్డాయి. విచ్చుకోగానే తీసేద్దాం అనుకుంది. అందాకా రాలిన ఆకు రాలినట్టు ఏరేద్దాం అనుకుంది. అనుకుని ఏరింది కూడా.

మర్నాడు మధ్యాహ్నం చారు పోపు పెట్టి బయటికొచ్చిన సుప్రియ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎడారి గులాబీ మొదట్లో చుక్కల పెట్ట పక్కకి ఒరిగి పడి ఉంది. ఒక కాలు బారచాచింది. ఒక రెక్క విసనకర్రలా నేల మీద పరుచుకుంది. కళ్ళు మూతలు పడ్డాయి, ముక్కు తెరుచుకుని ఉంది.

"ఏవండీ!" అని ఒక కేక. ఏవండీ రాకముందే రెండు చేతులతో మొక్క మొదలు పట్టుకుని లాగింది. రాలేదు. కాలు గోడకి తన్నిపెట్టి లాగింది. మట్టిపెళ్ళతో సహా ఊడి వచ్చి, తను వెల్లకిలా పడింది. లేచి వంటింట్లోకి పరిగెత్తి మజ్జిగ గిన్నె తెచ్చింది. విషానికి మజ్జిగ పట్టాలని ఎవరు చెప్పారో గుర్తు లేదు, చేతికి అందింది మాత్రం అదే. పెట్టని ఒళ్ళో వేసుకుని, ముక్కు తెరిచి ఒక చెంచాడు పోసింది.

పెట్ట కళ్ళు తెరిచింది. మజ్జిగ మింగింది. రెండో చెంచా కోసం ముక్కు చాపింది. అదీ మింగి, ఒళ్ళోంచి దిగి, నిలబడి, ఒళ్ళు మొత్తం ఒక్కసారి దులిపింది. ఈకల్లో ఉన్న మట్టంతా సుప్రియ మొహం మీదికీ, అప్పుడే బయటికొచ్చిన బెంజమిన్ తెల్లలుంగీ మీదికీ లేచింది.

"మట్టి స్నానం చేస్తోందే అది" అన్నాడు బెంజమిన్ లుంగీ చూసుకుంటూ. "ఒంటి మీద పేలు పోడానికి చేస్తాయి. మా అమ్మ పెంచే కోళ్ళూ ఇలాగే పడి ఉండేవి."

సుప్రియ పీకిపడేసిన మొక్క వంక చూసింది. మొగ్గలు రెండూ మట్టిలో నలిగిపోయాయి. మొక్క లేచిన గుంటలో మెత్తటి మట్టి పైకి తేలింది. అదేదో తమ కోసమే తవ్వి పెట్టినట్టు మిగతా కోళ్ళు ఒక్కొక్కటే దిగి, సర్దుకుని, రెక్కలు చాచి పడుకున్నాయి.

సరిగ్గా అప్పుడే గేటు చప్పుడైంది. దేవదానం మాస్టారు, గొడుగు.

"అమ్మగారూ... కోడికి మజ్జిగ పడతన్నారాండీ?"

సుప్రియ చేతిలో చెంచా ఉంది. అబద్ధం ఆడే ఓపికా, నిజం చెప్పే ధైర్యమూ రెండూ లేవు. "ఎండగా ఉంది కదండీ" అంది.

మాస్టారు గొడుగు మూశారు. "అదిలించేరని చెప్పిన నోరు ఇప్పుడొచ్చి ఇది చూడాలండి" అన్నారు మురిసిపోతూ.

మొక్కని ఏ గొడ్డూ ముట్టకుండా పెరట్లో లోతుగా గొయ్యి తీసి పాతేసింది సుప్రియ. మాస్టారి నోరు మాత్రం ఎవరూ పూడ్చలేరు కదా. పొద్దుపోయేలోగా అమ్మగారు దేవుడి కోళ్ళని ఒళ్ళో పెట్టుకుని మజ్జిగ పడుతున్నారన్న సంగతి కాలవ రెండు గట్లూ పాకింది. మొక్కుకున్న కోడిని పండుగ నాటి పొద్దున తెద్దామని ఇంట్లోనే గంప కింద దాచుకున్నవాళ్ళు కూడా, ఇక్కడైతే బాగా చూసుకుంటారని తెచ్చి వదిలిపెట్టారు. ఒకావిడ పుంజుని దించుతూ, "ఇది పెరుగు కూడా తింటాదండి" అని చెప్పి వెళ్ళింది.

ఇక సుప్రియ పంతం పట్టింది. భర్తనీ నమ్మను, మొక్కల బండినీ నమ్మను, ఈ కోళ్ళనే అడుగుతానంది. పొద్దున్నే చుట్టుపక్కల ఇళ్ళకి వెళ్ళి తలా ఒక రెమ్మ అడిగి తెచ్చింది. గోరింట, మునగ, మరువం, వామాకు, నిమ్మగడ్డి, బంతి. ముందు ఒక్కొక్కటే తుంచి చూసింది. ఎవరో కూరలోకి కరివేపాకు ఇచ్చినంత ధారాళంగా ఇచ్చిన క్రోటన్ రెమ్మకి పాలు కారాయి, దాన్ని పక్కన పడేసింది. మిగతావి చాటలో పరిచి కోళ్ళ ముందు పెట్టింది.

మునగాకు కిందికి దించేలోపే అయిపోయింది. గోరింట కాసేపు గుంజులాటలో నలిగి అదీ అయిపోయింది. మరువం దగ్గర చుక్కల పెట్ట తుమ్మినట్టు తల విదిలించింది. వామాకునీ నిమ్మగడ్డినీ తొక్కుకుంటూ పోయాయి. బంతి రెమ్మని కొత్త పుంజు ఒకసారి పొడిచి, ముక్కు నేలకేసి రాసుకుని, మళ్ళీ దాని జోలికి పోలేదు.

"ఏం తేలిందండీ?" అంది పాపాయమ్మ. ఆవిడ పరీక్ష మొదలైనప్పటి నుంచీ గుమ్మం పక్క గట్టు మీద కూర్చునే ఉంది.

"ఒకటి పచ్చడిలోకీ, ఒకటి టీలోకీ, ఒకటి తల్లోకీ" అంది సుప్రియ నీరసంగా. "పువ్వు పూసేది బంతి ఒక్కటే. బంతి! గుమ్మాలకి కట్టి, వాడిపోయాక చీపురుతో ఊడ్చే పువ్వు."

"బంతికేం తక్కువండీ? ఆగండి, అంతకంటే మంచిది నా దగ్గరుందండి." పాపాయమ్మ రోడ్డు దాటి వెళ్ళి, ఇంటి పక్కనుంచి కోడిజుట్టు పువ్వు మొక్క ఒకటి వేళ్ళతో సహా తవ్వి తెచ్చింది. ఎర్రటి మఖమల్‌లాంటి పువ్వు, మడతలు మడతలుగా, అచ్చం పుంజు జుట్టే. "ఇది చూస్తే కోళ్ళకి గౌరవం కలుగుద్దండి. తమలో ఒకటనుకుంటాయి."

తమలో ఒకటనే అనుకుంది కొత్త పుంజు. మెడ ఈకలు గొడుగులా విప్పి, పక్కపక్కకి నడుస్తూ వచ్చి, ఎగిరి రెండు కాళ్ళతో తన్నింది. పువ్వు ఊగింది. ఊగినందుకు ఇంకా కోపమొచ్చింది. కాసేపటికి ఎర్ర మఖమల్ పీలికలు ఆవరణంతా ఎగిరాయి. పుంజు గెలిచి, కూసింది.

పాపాయమ్మ ఎర్ర పీలిక ఒకటి ఏరి చూసి, "బంతే మంచిదిలెండి" అంది.

బంతి మొక్క కూడా ఆవిడే ఇచ్చింది. కొసన ఆకుపచ్చటి మొగ్గ బిగిసి ఉంది. సుప్రియ దాన్ని ఖాళీ పెయింటు డబ్బాలో, ఎరువు కలిపిన మట్టిలో తన చేత్తో నాటింది. కోళ్ళు ఆకు తినలేదు గానీ డబ్బా ఎక్కి మొదట్లో కెలకడం మొదలెట్టాయి. అప్పుడు పాపాయమ్మ తన కోళ్ళ గంప మోసుకొచ్చింది. పెట్ట దేవుడిదయ్యాక అది ఖాళీగానే ఉందట. ఇద్దరూ కలిసి డబ్బా మీద గంప బోర్లించారు. కాస్త దూరం జరిగి చూసుకున్నారు. ఆవరణ నిండా కోళ్ళు విచ్చలవిడిగా తిరుగుతున్నాయి, మొక్క గంప కింద ఉంది.

"ఈ వయసొచ్చేకా ఇలాంటిది చూడ్డం ఇదేనండి" అంది పాపాయమ్మ.

ఎండ కావాలి కాబట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి గంప ఎత్తి పక్కన కాపలా కూర్చుంది సుప్రియ. దారిన పోయేవాళ్ళు ఆగి అడిగారు. "పెట్టని పొదగేసేరాండీ?" "లేదండి, మొక్క." "ఓహో, ఆయ్" అని, ఇంకేం అడగాలో తెలీక వెళ్ళిపోయారు. శనివారం సాయంత్రానికి మొగ్గ కొస చీలి, లోపలి పసుపు సన్నగా కనిపించింది. సుప్రియ బెంజమిన్‌ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. ఆయన వంగి చూసి, మెల్లగా, ఎవరైనా నిద్రలేస్తారేమో అన్నట్టు, "రేపు విచ్చుకుంటుంది" అన్నాడు.

ఆదివారం కోతపండుగ. సుప్రియ తలస్నానం చేసి, జడ వేసుకుంటూనే బయటికొచ్చి గంప ఎత్తింది.

కింద ఏమీ లేదు. డబ్బా గుండ్రంగా ఆనిన తడి గుర్తు మాత్రం ఉంది.

కోళ్ళ వైపు చూసింది. అవీ లేవు. వేలానికి కాళ్ళు కట్టి అప్పటికే చర్చి వరండాలోకి చేర్చారు. ఈసారి నేరం కోళ్ళది కాదు.

చర్చి లోపల బల్ల ముందు అరటిగెలలు, కొబ్బరికాయల రాశి, గుమ్మడికాయలు, వరికంకుల కట్టలు, కోడిగుడ్ల బుట్ట. అన్నిటికీ నడుమ, అందరికీ కనపడేలా ఎత్తుపీట మీద, పెయింటు డబ్బా.

"మీకు ఆశ్చర్యం కలిగిద్దామనండి" అన్నారు దేవదానం మాస్టారు, చేతులు నలుపుకుంటూ. "గంప తీసి చూసేను కదండీ, పువ్వు! మీరు మన ఊళ్ళో పండించిన ప్రథమ ఫలమండి ఇది. ప్రథమ ఫలం దేవుడిదే కదండీ? మీరు మొహమాటపడి చెప్పలేదని నాకు తెలుసండి."

సుప్రియ నోరు తెరిచింది. ఊరంతా ఆమె వైపే సంతోషంగా చూస్తోంది. నోరు మూసి, ఆడవాళ్ళ వైపు ముందు చాప మీద కూర్చుంది.

పువ్వు అప్పటికి సగం విచ్చుకుంది. మొదటి పాటకి బయటి రేకులు వెనక్కి వాలాయి. ప్రసంగం మొదలయ్యేసరికి రెండో వరుస కదిలింది. కదలడం కంటికి కనిపించదు. రెప్పవేసి చూస్తే కొంచెం మారి ఉంటుంది, అంతే. నిండు ముద్ద, పసుపులో కుంకుమ కలిపినట్టున్న రంగు. భర్త ప్రసంగం ఇంకాసేపు సాగితే బాగుండునని సుప్రియకి పెళ్ళయ్యాక మొదటిసారి అనిపించింది. భార్య రెప్ప వాల్చకుండా బల్ల వైపే చూస్తుండడం గమనించిన బెంజమిన్ ఉప్పొంగిపోయి, ఓర్పు గురించి చెప్పాల్సినదానికంటే చాలా ఎక్కువ చెప్పాడు. ఆయన ఆమెన్ అనే వేళకి పువ్వు పూర్తిగా పూసింది.

వేలం వరండాలో. చాపలు అక్కడికి మారాయి. దేవదానం మాస్టారు పాట పాడించడంలో దిట్ట. గెలలూ కాయలూ అయ్యాక డబ్బా పైకెత్తారు. "అమ్మగారి చేతి మొక్కండి! కోళ్ళకి మజ్జిగ పట్టిన చెయ్యండి! ఎవరండీ?"

అందరూ ఒక్కసారే పాడారు. అమ్మగారి మీద గౌరవం కొద్దీ పాడుతున్నారు, గౌరవం కొద్దీ పెంచుతున్నారు. సుప్రియ ఒక్కతే పాడలేకపోయింది. దేవుడికిచ్చినదాన్ని వెనక్కి లాక్కోకూడదు కదా. చివరికి పాపాయమ్మ గొంతు ఒక్కటే మిగిలింది.

సుప్రియ ఊపిరి పీల్చుకుంది. పాపాయమ్మ డబ్బాని చంటిపిల్లలా చంకనేసుకుని ఆమె దగ్గరికే వచ్చింది.

"నా దగ్గరుంటే మీ దగ్గరున్నట్టేనండి" అంది. "మీ చేతిలో పెట్టేద్దును గానండి, దేవుడికిచ్చింది మీకే తిరిగిస్తే మీకు దోషం తగలదాండీ? మా అరుగు మీద పెడతాను. మీ గుమ్మంలో నిలబడితే కనపడుద్దండి. మీకు బదిలీ అయినా దీనికి అవ్వదు, ఇత్తనాలు కట్టి పంపుతాను."

నిజమే. పువ్వు పూసింది, తను చూసింది. అడిగింది అంతే కదా. అయినా చెయ్యి డబ్బా దాకా వెళ్ళి ఆగిపోయింది.

"ఇప్పుడు చుక్కల పెట్టండి!" అన్నారు మాస్టారు.

పాపాయమ్మ చప్పున అటు తిరిగి నిలబడింది. ఆవిడ పాడకూడదు. రాజోలు నుంచి వచ్చిన బిర్యానీ హోటలాయన ముందుకొచ్చి, పెట్టని తలకిందులుగా పట్టుకుని తొడ నొక్కి చూశాడు. తల ఊపి పాట మొదలుపెట్టాడు. ఎవరూ పెంచలేదు. మాస్టారు ఒకటోసారి అన్నారు. రెండోసారి అన్నారు.

"నేనండి."

వరండాలో తలలన్నీ అటు తిరిగాయి. ఆడవాళ్ళ చాప మీంచి అమ్మగారు లేచి నిలబడి ఉన్నారు.

"అమ్మగారూ, ఇది పాటండి" అన్నారు మాస్టారు మెల్లగా.

"తెలుసండి. పాడుతున్నాను."

హోటలాయన పెంచాడు. సుప్రియ పెంచింది. బెంజమిన్ దగ్గాడు. హోటలాయన మళ్ళీ పెంచబోయి పక్కకి చూశాడు. ఆడవాళ్ళంతా చాపల మీంచి అతన్నే చూస్తున్నారు. అతను పెట్టని జాగ్రత్తగా నిలువుగా తిప్పి, మాస్టారి చేతిలో పెట్టి, కొబ్బరికాయల వైపు వెళ్ళిపోయాడు.

"ఆ మనసు చూడండి" అన్నారు మాస్టారు అందరితో. పాపాయమ్మ బాగైన కంటిని కొంగుతో ఒత్తుకుంది. సుప్రియ డబ్బు లెక్కపెట్టి ఇచ్చింది. పెట్టని చంకలో ఇరికించుకుని ఇంటికి నడిచింది.

"జాలిపడ్డావు. మంచిదే" అన్నాడు బెంజమిన్ వెనకే వస్తూ.

"జాలా?" అంది సుప్రియ.

గుమ్మం ముందు పెట్ట కాళ్ళ తాడు విప్పి కింద వదిలింది. అది ఒళ్ళు దులుపుకుని, తిన్నగా వెళ్ళి గంప పక్కన మట్టి కెలకడం మొదలెట్టింది. సుప్రియ బైబిలు భర్త చేతికిచ్చింది. కొంగు నడుముకి బిగించింది. రోడ్డు మీద చర్చి నుంచి వస్తున్న జనం ఉన్నారు. దేవదానం మాస్టారూ ఉన్నారు. అందరూ కనపడేదాకా ఆగింది.

"హు...ష్ష్!"

కొబ్బరిచెట్ల మీది కాకులు లేచిపోయాయి. మాస్టారి గొడుగు చేతిలోంచి జారింది. పెట్ట జన్మలో అలాంటి కేక విని ఉండదు. బారెడు ఎత్తు ఎగిరి, అరుస్తూ గేటు దాటింది.

"అమ్మగారూ! దేవుడి..." అన్నారు మాస్టారు.

"నాదండి. పాడుకున్నాను" అంది సుప్రియ. ఎంత హాయిగా ఉందో ఆ మాట. మళ్ళీ అంది. "నా కోడండి!"

మాస్టారు ఆలోచించారు. ఎటు నుంచి చూసినా తప్పు దొరకలేదు. గొడుగు తీసుకుని నడిచారు.

పెట్ట రోడ్డు దాటింది. దానికి తెలిసిన ఇల్లు అవతల ఒక్కటే. తిన్నగా పాపాయమ్మ అరుగెక్కి, కొత్తగా వచ్చి కూర్చున్న పెయింటు డబ్బాని ఒక కంటితో చూసి, ఎక్కి, మొదట్లో కాలు పెట్టింది. పాపాయమ్మ పరిగెత్తుకొచ్చి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడిపోయింది.

"అమ్మగారండీ! మీ కోడండీ! మొక్క కెలికేత్తందండీ!"

"అదిలించండి పాపాయమ్మ గారూ!"

"నేనాండీ?" ఇన్ని నెలలు దేవుడిదని చూసి, అంతకు ముందు బిడ్డలా సాకిన పెట్ట. ఆవిడ పెదాలు ముందుకి పెట్టింది. "హుష్" అంది, పాలమీద ఊదినట్టు.

పెట్ట తల ఎత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"ఇంకొంచెం గట్టిగానండీ!" అంది సుప్రియ, గుమ్మంలోంచి.